నాలుగు చేపలు, ఏడు నీళ్లు

మా మేనత్తది సఖినేటిపల్లి. పంటెక్కి వసిష్ఠ గోదారి దాటితే నరసాపురం. డెబ్భై దాటాక మొదటిసారి విమానమెక్కి, నన్ను తోడు పెట్టుకుని, రోహిణికార్తె ఎండలు తప్పించుకుందామని కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్‌లో ఉంటున్న మా తమ్ముడింటికి వచ్చింది. వచ్చిన నాలుగో రోజున వాడు చీకటితో లేచి, కొండల్లో ఉన్న చిన్న రిజర్వాయరుకి వెళ్లి, పదకొండింటికల్లా నాలుగు రెయిన్‌బో ట్రౌట్‌లు తెచ్చాడు. ఒక్కొక్కటీ జానెడు మీద నాలుగు వేళ్లు. వెన్ను మీద నల్లచుక్కలు, పక్కన మొహమాటంగా ఒక గులాబీ చార. ఐసుపెట్టె మూత తియ్యగానే అత్త ఒంగి ముందు మొప్ప ఎత్తి చూసింది, తరవాత కన్ను చూసింది, ఆ తరవాత పొట్ట నొక్కింది. చేపలు పరీక్ష నెగ్గాయి. గొడవ ఆ తరవాతే మొదలైంది.

నేను పక్కన కూచుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఎవరి పక్షమూ మాట్లాడకూడదనుకున్నాను, చాలామట్టుకు నిలబెట్టుకున్నాను. వాళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట్ల మాత్రం ఒకరి తరవాత ఒకరిని నిలబెట్టి రాశాను.

అత్త: బూడిదేదిరా?

తమ్ముడు: బూడిదెందుకత్తా?

అత్త: చేప తోమద్దూ? పోనీ గరుకురాయి ఉందా? అదీ లేదు. కత్తిపీట లేదని వచ్చినరోజే చూశాను. మరి ఈ ఇంట్లో చేప ఎలా బాగుచేస్తారు?

తమ్ముడు: ఇదిగో చాకు. ఒక చెంచా. ఒక పాత టూత్‌బ్రష్షు. అంతే.

అత్త: టూత్‌బ్రష్షా! చేపకి పళ్లు తోముతావా?

తమ్ముడు: తోమేది పళ్లు కాదులే, చూద్దువుగాని. ముందు సంగతి, దీనికి పొలుసు తియ్యక్కర్లేదు.

అత్త: జెల్లలాగా పొలుసు లేని జాతా?

తమ్ముడు: ఉంది, కంటికి ఆనదు. వేలు పెట్టి తోకవైపు నుంచి తలవైపు రాసి చూడు.

అత్త: జిగురు తగుల్తోంది గాని పొలుసు తగల్లేదు.

తమ్ముడు: ఆవగింజ కన్నా చిన్నవి. చర్మంతో పాటే వేగిపోతాయి, పంటికింద కూడా తెలీదు. శీలావతిని గీకినట్టు గీకావంటే చర్మం పీలికలైపోద్ది. ట్రౌట్‌లో సగం రుచి ఆ చర్మమే.

అత్త: సరే, పొలుసు మాట వదిలేద్దాం. జిగురో? కొరమేనుని బూడిద లేకుండా పట్టుకో చూద్దాం, చేతిలోంచి జారి మళ్లీ కాలవలోకే పోద్ది. బూడిద పట్టుకోడానికొకటీ, జిగురు తియ్యడానికొకటీ. అంట్లు ఎందుకు తోముతాం బూడిదతో? జిడ్డు విడుద్దనేగా.

తమ్ముడు: బూడిదలో క్షారం ఉంటుంది, నిజమే, జిగురుని విడగొడుతుంది. కొరమేనుకి నువ్వు చేసేది తప్పని నేననడం లేదు. అది బురదలో దాక్కునే చేప, నీళ్లు లేకపోయినా గంటలకి గంటలు గాలి పీల్చుకుని బతుకుతుంది, దాని జిగురులో ఆ బురద వాసనంతా ఉంటుంది. ఇది చల్లటి నీళ్లలో తప్ప బతకదు. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటితే దీనికి ఆయాసం. దీని జిగురు ముట్టుకుని వాసన చూడు.

అత్త: (చూసింది) దోసకాయ వాసన వస్తోంది.

తమ్ముడు: చూశావా!

అత్త: అయితే మాత్రం? దోసకాయనీ కడుక్కునే తింటాం.

ఇక్కడ నేను నవ్వాను. తమ్ముడు నావైపు చూసిన చూపు ఆ తరవాత చాలాసేపు నన్ను మాట్లాడనివ్వలేదు.

తమ్ముడు: అత్తా, ఫ్రాన్సులో దీన్ని వండే పద్ధతి ఒకటుంది. అప్పటికప్పుడు చంపి, పొట్ట తీసి, పైన తుడవను కూడా తుడవకుండా వెనిగర్ కలిపిన మరిగే నీళ్లలో వేస్తారు. ఆ జిగురుకి వెనిగర్ తగలగానే చేపంతా నీలం రంగు తిరుగుతుంది. పొరపాట్న ఎవరైనా జిగురు తుడిచేశారనుకో, నీలం రాదు, ఆ వంటకి ఆ పేరే లేదు. రంగు రాకపోతే చేప తాజాది కాదని కూడా అర్థం.

అత్త: యానాంలో ఫ్రెంచివాళ్లు 1954 దాకా ఉన్నారు. మా పుట్టింటివాళ్లకి అక్కడ చుట్టరికాలున్నాయి. జిగురుతో చేప తిన్నారని ఒక్కరూ చెప్పలేదు.

తమ్ముడు: యానాంలో ట్రౌట్ ఎక్కడిది?

అత్త: వంటమనిషి మనవాడై ఉంటాడు, కడిగేసి ఉంటాడు.

తమ్ముడు: ఇంకో మాట. నేను పట్టినవాటిలో చాలావాటిని తిరిగి వదిలేస్తాను. వదిలేముందు చెయ్యి తడిపి మరీ పట్టుకోవాలి. పొడిచేత్తో పట్టుకుంటే జిగురు ఊడిపోద్ది, జిగురు పోయినచోట బూజు పట్టి చేప చచ్చిపోద్ది. దాని కవచం అది.

అత్త: ఆగాగు. పట్టి వదిలేస్తావా? ఎందుకు పట్టడం మరి?

తమ్ముడు: సరదాకి.

అత్త: ఆకలి లేనివాడి వేటన్నమాట. బతికున్నప్పుడు జిగురు ముట్టుకోకూడదు, చచ్చాకా ముట్టుకోకూడదు. ఈ జిగురేదో నీకు ఇలవేల్పైపోయిందిరా.

పొట్ట తియ్యడం దగ్గర మాత్రం గొడవ కాస్త చల్లబడింది. అత్త ఏ పనినైనా చేసేవాడి చేతుల్ని బట్టే తీర్పు చెప్తుంది, తమ్ముడి చేతులు బాగానే నడిచాయి. చేపని వెల్లకిలా ఎడమచేతిలో పట్టుకుని, కిందిరంధ్రం దగ్గర చాకు మొన పెట్టి, గోరులోతు కన్నా లోపలికి పోనివ్వకుండా మొప్పలదాకా ఒక్క గీత గీశాడు. తరవాత గడ్డం కింద, నాలుక మొదలు దగ్గర, పలచగా ఉండే కండని అడ్డంగా కోశాడు. ఆ సందులో బొటనవేలు దోపి తోకవైపు లాగితే మొప్పలూ పేగులూ గుండే అన్నీ ఒకదానికొకటి పట్టుకుని దండలా ఊడి వచ్చాయి.

అత్త: అబ్బో! ఇదేదో బావుందే. నేను మొప్పలు వేరే, పేగులు వేరే తీస్తాను. చేదుకట్టు ఏదీ?

తమ్ముడు: ఇదిగో, కార్జం పక్కన ఆకుపచ్చగా. చిట్లకుండా వచ్చేసింది. అందుకే చాకు మొన లోపలికి దింపకూడదు.

అత్త: చిట్లితే ఏం చేస్తావు?

తమ్ముడు: వెంటనే నీళ్లకింద పెట్టి కడిగేస్తాను.

అత్త: కడుగుతావన్నమాట.

తమ్ముడు: చేదుకట్టు చిట్లితే కడుగుతానన్నాను. దానికీ దీనికీ ముడిపెట్టకు. అసలు చెరువుగట్టు మీదే పొట్ట తీసేవాణ్ణి, నీకు చూపిద్దామని తెచ్చాను. ఆలస్యం చేస్తే దాని కడుపులో అరుగుదలకి ఉన్న రసాలు దాన్నే అరిగించేస్తాయి. లోపలివైపు కండ మెత్తబడి, పక్కముళ్లు కండలోంచి ఊడి పైకి పొడుచుకొస్తాయి.

అత్త: పొట్ట పేలిన చేప. మా సంతలో అదే మొదటి గుర్తు. సరే, ఆ జీర్ణకోశం ఎందుకు చీలుస్తున్నావు? పారెయ్యి.

తమ్ముడు: ఏం తిందో చూడాలిగా. నల్లపురుగులు, రెండు చీమలు, ఇదేదో చిన్న నత్త. అంటే అడుగున మేస్తోంది. రేపు ఎర ఏం కట్టాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

అత్త: మీ మావయ్య కూడా వాలుగ కడుపు కోసి చూసేవాడు. ఒకసారి కప్ప దొరికింది. ఆ రోజు నేను అన్నంలోకి పచ్చడి వేసుకున్నాను.

తమ్ముడు: ఇప్పుడు చూడు టూత్‌బ్రష్షు ఎందుకో. పొట్ట లోపల నడిముల్లుని అంటుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా నల్లెర్రగా చార ఉంది కదా. గడ్డకట్టిన నెత్తురనుకుంటారు గాని అది దాని మూత్రపిండం. పైన పలచటి పొర. చాకు మొనతో ఆ పొరని నిలువునా చీల్చి, చెంచా కొసతో గీకి, బ్రష్షుతో రెండుసార్లు రుద్దితే ముల్లు తెల్లగా బయటపడుతుంది. ఇది వదిలేస్తే కూర ఇనుము నాకినట్టుంటుంది.

అత్త: ఇదా! ఇది నాకు తెలీకేం? బొచ్చెలో బొటనవేలంత లావుంటుంది. గోరుతో తీస్తాను. ఇది తియ్యకుండా పులుసు పెట్టిందని మా తోడికోడల్ని మా అత్తగారు జన్మంతా దెప్పింది.

మూడు చేపలదాకా ఇద్దరూ ఒక ఒప్పందం మీద నడిచారు. అత్త ఇంకో చాకు తీసుకుని మూడోదాన్ని తనే కోసింది. బొటనవేలి పట్టు మొదట కుదరలేదు. రెండోసారి లాగేసరికి మొత్తం ఊడొచ్చింది, ఆవిడ మొహంలో చిన్నపిల్ల కనపడింది. అసలు యుద్ధం సింకు దగ్గర.

అత్త: తట్ట ఇలా తే. ఉప్పు, పసుపు, నిమ్మకాయ. చింతపండైతే ఇంకా మంచిది.

తమ్ముడు: దేనికి?

అత్త: కడగడానికి.

తమ్ముడు: చన్నీళ్ల కింద లోపలొకసారి, పైనొకసారి. అయిపోయింది. ఇప్పుడు తుడిచి ఆరబెట్టడమే.

అత్త: ఒక్క నీళ్లా?

తమ్ముడు: ఎన్ని నీళ్లు కడుగుతావేంటి నువ్వు?

అత్త: ఉప్పేసి రెండు, పసుపేసి రెండు, పులుపేసి ఒకటి, ఉత్తివి రెండు. నీళ్లు తేరేదాకా.

తమ్ముడు: ఏడు! అత్తా, చేప కండలో ఉన్న ఉప్పూ తీపీ నీళ్లలో కరిగేవే. నీళ్లలో నానబెట్టి, పిసికి, పారబోసి, మళ్లీ పోసి... నువ్వు పారబోసే నీళ్లలోనే ఉంది రుచంతా. ఆ తరవాత రుచి లేదని కారం దట్టిస్తారు.

అత్త: ఇది ఎక్కడిదిరా చేప?

తమ్ముడు: గంటన్నర దూరం. కొండమీది చెరువు. మంచు కరిగిన నీళ్లు.

అత్త: ఎవరెవరు ముట్టుకున్నారు?

తమ్ముడు: నేనొక్కణ్ణే. పట్టగానే తలమీద చిన్న కర్రతో ఒక్కటి, మొప్ప దగ్గర కోత, నెత్తురు కారాక ఐసులోకి.

అత్త: ఇప్పుడు నా చేప సంగతి విను. మరపడవలో రెండ్రోజులు. పడవ అడుగున డీజిలు నీళ్లు. రేవులో దించితే ఇసక. పాటలో పాడుకున్నవాడు ప్లాస్టిక్ ట్రేలో ఐసుపొట్టు పోసి ఆటో ఎక్కిస్తాడు, ఆ ఐసు ఏ నీళ్లతో చేసిందో దేవుడికెరుక. సంతలో గోనెపట్టా మీద పోస్తారు. ఈగలు. ఎండ నలభై. ఇందాక నేను మొప్ప ఎత్తి చూశానే, అలా పదిమంది ఎత్తి చూస్తారు, కొనేది పదకొండోవాడు. కోసిచ్చే మనిషి మొద్దు మీద నాకన్నా ముందు నలుగురి చేపలు కోసుంటుంది. అవన్నీ దాటుకుని నా గుమ్మంలోకొస్తుంది. నేను చేపని కడగట్లేదురా, అది వచ్చిన దారిని కడుగుతున్నాను.

తమ్ముడు ఒక్క క్షణం ఏమీ అనలేదు. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. వంటల పుస్తకాలు రాసేవాళ్లు చేపని కడగొద్దనో కడగమనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చేప ఎంత దూరం నడిచొచ్చిందని మాత్రం అడగరు. అయితే వాడు ఊరుకునే రకం కాదు.

తమ్ముడు: ఒప్పుకున్నాను. మరి దీనికి దారే లేదుగా? కడగడానికి ఏముంది?

అత్త: చెయ్యి ఊరుకోదు.

తమ్ముడు: అదీ అసలు సంగతి! సరే, పులసని ఎన్ని నీళ్లు కడుగుతావు?

అత్త: పులస వేరు.

తమ్ముడు: ఎలా వేరు?

అత్త: (ఉల్లిపాయల గిన్నె నా దగ్గర్నుంచి లాక్కుని) నువ్వు ఇంత లావు తరిగావేమిటే?

తమ్ముడు: మాట మార్చకు.

అత్త: పులసని కొయ్యకముందే పొలుసు తీసి, పొట్ట తీసి, శుభ్రంగా కడిగేస్తాం. కోశాక ముక్కని మా అత్తగారు నీళ్లు చూడనిచ్చేది కాదు. కొవ్వు పోద్దని.

తమ్ముడు: బెంగాలీలూ అంతే. వాళ్లకది ఇలిష్. కోశాక కడిగితే ఇంట్లోంచి వెళ్లగొడతారు. అంటే రుచి నీళ్లలో పోద్దని నీకూ తెలుసు, డబ్బు పోసి కొన్న చేపకైతే గుర్తొస్తుంది.

అత్త: ఎర్రనీరు తగిలాక గోదారికి ఎదురీదొచ్చే చేప అది. దాన్నీ దీన్నీ ఒక గాటన కడతావా?

తమ్ముడు: ఇది మాత్రం? దీని పూర్వీకులు కాలిఫోర్నియా ఏటిలోవి, సముద్రానికి పోయి తిరిగొచ్చే జాతి. నూట పాతికేళ్ల పైన అయింది దీన్ని కొలరాడో తెచ్చి. ఇక్కడి సొంత ట్రౌట్ వేరే ఉంది, గొంతు కింద ఎర్ర గీత ఉంటుంది. ఇప్పుడు సర్కారే హేచరీల్లో పెంచి చెరువుల్లో వదుల్తుంది. లారీలు పోలేని కొండచెరువుల్లోకైతే విమానంలోంచి వేలికణుపంత పిల్లల్ని జారవిడుస్తారు.

అత్త: విమానంలోంచి చేపపిల్లలా! నాకు సీటు దొరకడానికి ఏడు నెలలు పట్టింది.

తమ్ముడు: బ్రిటిష్‌వాళ్లు నీలగిరుల్లోనూ కాశ్మీరులోనూ కూడా ట్రౌట్ వదిలారు. కాశ్మీరులో ఇప్పటికీ ఉంది. గోదారిలో వదిలితే వేసవి చూడదు.

అత్త: ఒకటి చెప్పు. ఇది చల్లనీళ్ల చేప కదా, ఐసులో ఎన్నాళ్లుంటుంది?

తమ్ముడు: అక్కడే చిత్రం. మనవాటికన్నా తొందరగా పాడవుద్ది.

అత్త: అదేంటి?

తమ్ముడు: చల్లనీళ్లలో బతికే చేప ఒంట్లో ఉండే రసాలూ, ఒంటిమీది సూక్ష్మజీవులూ చలికి అలవాటు పడ్డవే. ఐసులో పెట్టినా వాటి పని అవి చేసుకుపోతాయి. మన శీలావతి వేడినీళ్ల చేప. ఐసులో పెడితే దాని సూక్ష్మజీవులు కొయ్యబారిపోతాయి.

అత్త: అందుకా ఆకివీడు, కైకలూరు చెరువుల చేప ఐసులో అస్సాం దాకా పోయినా నిలబడుద్ది! మా వియ్యంకుడికి లారీలున్నాయి, ఆయనకీ ఈ కారణం తెలీదు. ఇది మాత్రం నచ్చిందిరా.

తమ్ముడు: ఇంకోటి కూడా నచ్చుద్ది. నీ చింతపండు ఉత్తది కాదు. సముద్రపు చేప ఉప్పునీళ్లకి తట్టుకోడానికి ఒంట్లో ఒక పదార్థం దాచుకుంటుంది. చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితే నీచు వస్తుంది. పులుపు తగిల్తే ఆ నీచు గాలిలోకి లేవదు. చెరువు చేపల మట్టివాసన వేరే, దాన్నీ పులుపు అణుస్తుంది.

అత్త: చింతపండుకి అంత చదువుందన్నమాట.

తమ్ముడు: ఉంది. కానీ మంచినీటి చేపలో ఆ పదార్థమే తక్కువ. ఇది మంచినీటిది, పైగా మట్టి లేనిది. నీచే లేనిదానికి మందెందుకు?

అత్త: నీచు లేకపోతే చేప తిన్నట్టెలా ఉంటుందిరా?

వాడి దగ్గర దీనికి జవాబు లేదు. కొన్నిటికి చదువు ఒడ్డుదాకానే తోడొస్తుంది.

నాలుగో చేప కోస్తుంటే లోపల జన కనపడింది. రెండు నారింజరంగు తిత్తులు, సగ్గుబియ్యమంత గింజలు. తమ్ముడు వాటిని పేగుల్తోపాటు సంచిలోకి తోశాడు. అత్త చెయ్యి వాడి చేతికన్నా ముందు సంచిలో ఉంది.

అత్త: ఏం పని చేస్తున్నావో తెలుస్తోందా నీకు?

తమ్ముడు: కొంచెమేగా అత్తా.

అత్త: జన పారేసినవాణ్ణి నేను ఇప్పుడే చూస్తున్నాను. ఇంతసేపూ నీళ్లలో రుచి పోతోందని నాకు పాఠం చెప్పావు. రుచి చెత్తసంచిలో పోతే ఫరవాలేదా? ఇంకా ఏవేం పారేశావు? తలలేవీ?

తమ్ముడు: తలలు... పిల్లలు కన్ను చూస్తే తినరు.

అత్త: కన్ను చూడలేనివాళ్లకి చేపెందుకు, బంగాళాదుంప వేపుడు పెట్టు. తలలు తియ్యి బయటికి.

తమ్ముడు: అసలు వాటిని నేను చెరువులో వెయ్యకుండా ఇంటికెందుకు తెచ్చానో తెలుసా? ఇక్కడ ట్రౌట్‌లకి ఒక రోగముంది. యూరప్ నుంచి వచ్చింది. చేపపిల్ల తలలో, ముల్లులో ఉండే మెత్తటి ఎముకని పట్టుకుంటుంది. పాపం పిల్ల తోకని తరుముకుంటున్నట్టు గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చిపోద్ది. 1990లలో కొలరాడో ఏళ్లలో రెయిన్‌బో ట్రౌట్‌లు చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయాయి. తరవాత జర్మనీ హేచరీ నుంచి రోగాన్ని తట్టుకునే జాతిని తెచ్చి ఇక్కడివాటితో కలిపితే మెల్లగా నిలదొక్కుకున్నాయి. చచ్చిన చేప తల నీళ్లలో పడేస్తే ఆ రోగబీజాలు బురదలో ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకని తలలూ ముళ్లూ సంచిలో కట్టి చెత్తలో వెయ్యాలి.

అత్త: మనిషికేం చేస్తుంది?

తమ్ముడు: ఏమీ చెయ్యదు.

అత్త: ఉడికిస్తే?

తమ్ముడు: ఉడికించకపోయినా ఏమీ చెయ్యదు. చేపలకే.

అత్త: అంటే దాన్ని నీళ్లలో వెయ్యకూడదన్నారు గాని, పులుసులో వెయ్యకూడదని ఎవరూ అన్లేదు.

తమ్ముడు: ...

అత్త: తల పులుసులో వేసి, చప్పరించి, ఆ ఎముకలు నీ సంచిలో వెయ్యి. సర్కారు మాటా నిలబడుద్ది, నా మాటా నిలబడుద్ది.

నాలుగు తలలూ బయటికొచ్చాయి. ఈ ఒక్కచోట నేను బాహాటంగా అత్త పక్షం. చేపని ప్రేమిస్తున్నామని చెప్పుకునేవాళ్లు దాని తలని ప్రేమించలేకపోతే ఆ ప్రేమని కాస్త తక్కెడలో వెయ్యాల్సిందే. తలలో చెంపల దగ్గర చిన్న కండ ఉంటుంది, ట్రౌట్‌లో అది చిటికెన గోరంతే, కానీ ఒళ్లంతటిలోకీ తియ్యటిది.

పంచుకోవడం ఇలా తెమిలింది. రెండు చేపలు తమ్ముడివి, రెండు అత్తవి. తలలూ జనా అత్తవి. అత్త తన రెండిటినీ ఒక్క నీళ్లే కడగాలి.

అత్త: వెంటనే పెనమెక్కిస్తావా?

తమ్ముడు: ఇప్పుడు కాదు. చూడు ఎలా బిగిసిపోయిందో, తోక పట్టుకుంటే కర్రలా నిలబడుతోంది. ఈ బిగువులో వేయిస్తే చర్మం ముడుచుకుని చేప విల్లులా వంగుద్ది, కండ రబ్బరౌద్ది. ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి కాకపోతే రేప్పొద్దుటికి బిగువు సడలుద్ది.

అత్త: మా నాన్నయితే రేవులో పడవ దిగినవి దిగినట్టే కాల్చేవాడు. వంకర్లు తిరిగేవి నిజమే. వంకరగా ఉన్నా తినేవాళ్లం.

తమ్ముడు: తడి లేకుండా తుడిచి పెడతాను. తడుంటే వేగదు, ఉడుకుద్ది.

అత్త: ఇది ఒప్పుకుంటాను. వేపుడుకి తడి శత్రువే. పులుసుకి మాత్రం ఇది పనికొచ్చే కండేనా? నొక్కితే దూదిలా ఉంది. పండుగప్ప అయితే గంట మరిగినా ముక్క చెదరదు.

తమ్ముడు: పులుసు పూర్తిగా మరిగాక చివర్లో వెయ్యి. పది నిమిషాలు చాలు.

అత్త: ఈ ఊళ్లో పది చాలవు. మొన్న గిన్నెలో వండితే అన్నం పలుకు మిగిలిపోయింది, చూశావుగా.

తమ్ముడు: పదిహేనువందల మీటర్ల ఎత్తున ఉన్నాం. ఇక్కడ నీళ్లు తొంభైఅయిదు డిగ్రీలకే మరిగిపోతాయి. పైకి కుతకుతలాడుతూ కనపడతాయి గాని వేడి తక్కువ.

అత్త: మాట్లాడేంత పని చెయ్యదన్నమాట. మా ఊరి ప్రెసిడెంటులాగా.

అప్పుడు తమ్ముడికి ఫోనొచ్చింది. ఆఫీసు వాళ్లు. వాడు చెవికి తగిలించుకుని పెరట్లోకి వెళ్లాడు. అత్త గుమ్మంవైపు ఒకసారి చూసింది, నావైపు ఒకసారి చూసింది. తరవాత తన రెండు చేపల్నీ ముక్కలు కోసి, తట్టలో వేసి, ఉప్పు చల్లింది. చేతులు వాటంతటవే నడిచాయి. ఉప్పునీళ్లు రెండు. పసుపు నీళ్లు రెండు. నిమ్మకాయ పిండి ఒకటి. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆఖరి రెండు ఉత్తినీళ్లూ పోసి, అవి తేరాయో లేదో కిటికీ వెలుగులో ఒంచి చూసి పారబోసింది. వాడు తిరిగొచ్చేసరికి ముక్కలకి ఉప్పూ కారమూ పట్టించి మూతపెట్టేసింది.

ఆ రాత్రి తమ్ముడి చేపలు ఇనప పెనం మీద నేతిలో, ఉప్పూ మిరియాలూ తప్ప ఏమీ లేకుండా వేగాయి. వెన్ను మీద కండని వేలితో తోస్తే పక్కకి జరిగింది, తోక పట్టుకుని ఎత్తితే నడిముల్లు పక్కముళ్లతో సహా దువ్వెనలా లేచొచ్చింది. “ఇంత మర్యాదస్తురాలేంట్రా ఈ చేప” అంది అత్త. చర్మం కరకరలాడింది. ఆవిడ ఒక పక్క మొత్తం తినేసి, ముల్లు ఏరుకునే పని లేకపోవడం వల్ల అన్నం మరీ తొందరగా అయిపోయిందని ఫిర్యాదు చేసింది.

పులుసు మర్నాటికి. రాత్రే పెట్టి, ముక్కలు వేశాక గరిటె ముట్టకుండా గిన్నె చెవులు పట్టుకుని రెండుసార్లు తిప్పి, పొయ్యి మీదే వదిలేస్తానంది. ఊళ్లో అయితే దాకలో పెట్టి తెల్లవార్లూ అలాగే ఉంచుతుందిట. ఇక్కడ తమ్ముడు పట్టుబట్టి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టించాడు. మధ్యాహ్నం వేడిచేసి వడ్డించింది. జన గింజలు పులుపుని పీల్చుకుని ఒక్కొక్కటీ పంటికింద చిట్లింది. తలలు నాకూ అత్తకీ వచ్చాయి. తమ్ముడు ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తమ్ముడు: చూశావా అత్తా? ఒక్క నీళ్లు కడిగినందుకే ఈ రుచి. ఏడు కడిగితే ఇలా ఉండేదా?

అత్త నావైపు చూడలేదు. నేనూ చేప చెంప చప్పరించే పనిలోనే ఉన్నాను.

అత్త: నువ్వు చెప్పాక కాదంటానా అబ్బాయ్? ఇలా పట్టు, ఇంకో ముక్క వేస్తాను.